దూదేకుల వీధి నూరు రజాయిలు

పెనుకొండలో దూదేకుల కుళ్ళాయప్పను ఎరగని ఇల్లు లేదు. ఆ ఊళ్ళో పెండ్లయిన ప్రతి జంటా తను కుట్టిన పరుపు మీదే కాపురం మొదలుపెట్టిందని అతనే చెప్పుకునేవాడు, అదీ నలుగురికీ వినపడేలా. మనిషి పొట్టి. కనుబొమలకూ చెవులకూ ఎప్పుడూ దూదిపోగులు అంటుకుని ఉండడం వల్ల ముప్పై ఏళ్ళకే ముసలివాడిలా కనిపించేవాడు. యాభై దాటాక కూడా అలాగే కనిపించాడు కాబట్టి ఆ లెక్కన నష్టపోయిందేమీ లేదు. ఆరడుగుల విల్లు భుజాన వేసుకుని, దాని నారిని కర్రతో టంయ్ టంయ్‌మని మోగిస్తూ వీధిలోకి వచ్చాడంటే ఆడవాళ్ళు అణిగిపోయిన పరుపులూ గడ్డకట్టిన దిండ్లూ ఈడ్చుకుంటూ అరుగుల మీదికి వచ్చేవారు. ఆ నారి దెబ్బకు ఎంత మొండి గడ్డయినా విడిపోయి పాలనురగలా లేచేది. పని చేస్తున్నంతసేపూ అతను మాట్లాడేవాడు కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం వల్ల అని చెప్పేవాడు గానీ, అసలు సంగతి, పని మీద ఉన్నప్పుడు అతనికి మనుషులు అడ్డంగా తోచేవారు.

దూదేకులవాళ్ళ సంగతి తెలియని వారికి ఇక్కడొక మాట చెప్పాలి. వాళ్ళు నమాజు చేస్తారు, పీర్ల పండగ చేస్తారు, ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తెలుగే. ఉర్దూ ముక్క రాదు. అందువల్ల ఊళ్ళోవాళ్ళకు వాళ్ళు సాయిబులు, ఉర్దూ మాట్లాడే సాయిబులకు దూదేకులవాళ్ళు. రెండు పిలుపులూ అందుకుని, రెండు చోట్లా వెనక వరసలో కూర్చున్నవాళ్ళు. కుళ్ళాయప్ప దీన్ని పట్టించుకున్నట్టు ఎన్నడూ కనిపించలేదు. లోపల ఎంత పట్టించుకున్నాడో 1962 నవంబరులో బయటపడింది.

చైనాతో యుద్ధం జరుగుతున్న రోజులు. రేడియో ఉన్న ప్రతి అంగడి ముందూ జనం మూగేవారు. చలిబట్టలు చాలక మంచుకొండల్లో మన జవానుల కాళ్ళ వేళ్ళు నల్లబడిపోతున్నాయని వార్తలు వచ్చాయి. పెనుకొండలో రెవెన్యూ ఆఫీసు ముందు పందిరి వేసి రక్షణ నిధికి సభ పెట్టారు. కుళ్ళాయప్పను ఎవరూ పిలవలేదు. వేదిక మీద పెద్దలు ఆనుకోవడానికి బాలీసులు అతని ఇంటి నుంచే వచ్చాయి కనుక, సభ అయ్యాక వాటిని మోసుకుపోదామని ఒక పక్కన నిలబడి ఉన్నాడు.

కమిటీ కార్యదర్శి బట్టల అంగడి కేశవమూర్తి. మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు. ఎవరెవరు ఏమిస్తున్నారో కాగితం చూసి చదివాడు. రైతులు, అంగళ్ళవాళ్ళు, మగ్గాలవాళ్ళు, బడి పంతుళ్ళు. పేరు పేరుకూ చప్పట్లు. రామలక్ష్మమ్మ అనే ముసలావిడ అక్కడికక్కడే చేతి గాజులు తీసి ఇచ్చింది. చదవడం అయిపోయి కేశవమూర్తి కాగితం మడిచాడు.

"మా వీధి పేరు రాలేదే శెట్టప్పా," అన్నాడు కుళ్ళాయప్ప పక్క నుంచి.

కేశవమూర్తి తలెత్తి చూసి నవ్వాడు. "మీరేమిస్తారు కుళ్ళాయప్పా? మీరు ఇయ్యకపోయినా ఎవరూ తప్పు పట్టుకోరులే."

జాలితో అన్న మాట. అందుకే తగలరాని చోట తగిలింది. తిట్టి ఉంటే కుళ్ళాయప్ప తిరిగి రెండు తిట్టి ఇంటికి పోయేవాడు. జాలిని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"నూరు రజాయిలు ఇస్తాము. ఇరవై దినాల్లో. రాసుకో," అన్నాడు.

బాలీసుకు ఆనుకుని కూర్చున్న పెద్దమనిషి ఒకాయన గట్టిగానే నవ్వాడు. దూదేకుల వీధిలో ఉన్నవి తొమ్మిది ఇండ్లు. కేశవమూర్తి నవ్వలేదు. కాగితం విప్పి, అడుగున రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి పెండ్లాం దస్తగిరమ్మకు చెప్పాడు. ఆమె సూది దిగేసిన గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అతని వైపు తిరిగింది.

"నూరా? లెక్క చూసుకోని అన్నావా, నోటికొచ్చిందని అన్నావా?"

"నోటికొచ్చిందనే అంటి."

"సరే. అనినాంక ఇంగేం చేస్తాం. అందరినీ విల్లులు దించమను."

ఆ ఒక్క మాటతో వీధి మొత్తం పనిలోకి దిగింది. నూరు పూర్తి కాకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇకమీదట ఏ కాగితం మీదా తమ వీధి పేరు రాయరు, రాయకపోవడమే న్యాయం అవుతుంది కూడా. కుళ్ళాయప్పకు తిండి సహించకుండా చేసింది ఆ ఆలోచనే.

దూది కోసం హిందూపురం పోయాడు. మండీలో ఒక పెద్ద వ్యాపారి, సగం కన్నడం సగం తెలుగులో, "జవానులకా? ఎష్టు బేకో తీసుకోని పోప్పా," అని, ఎంత కావాలంటే అంత అన్నట్టు దూది బేళ్ళు చూపించాడు. దూది దొరికింది గానీ ఒక్కో రజాయిలో ఎంత పెట్టాలన్నది తేలలేదు. మంచు అంటే ఆ వైపు మనుషులకు తెలిసింది పొద్దున్నే శనక్కాయ చేలో కాళ్ళు తడిపే మంచే. జన్మలో కుళ్ళాయప్ప కుట్టిన రజాయిలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అవీ బెంగుళూరు వాళ్ళకు. చివరికి హిందూపురం స్టేషన్ దగ్గర సోడా అంగడికి పోయి, ఐసుగడ్డ మీద అరచెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టాడు. అంగడివాడు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ముప్పై దాకా కూడా పోలేక చెయ్యి తీసేసి, రజాయికి మామూలుగా పెట్టే దూదికి ఇంకో సగం కలపాలని తీర్మానించుకున్నాడు.

తొమ్మిది విల్లులు ఒకేసారి మోగుతుంటే ఆ వీధిలో మాట్లాడుకోవాలంటే చేతులు ఊపాల్సి వచ్చింది. మగవాళ్ళు ఏకుతుంటే ఆడవాళ్ళు కుట్టారు. కేశవమూర్తి అంగడి నుంచి గుడ్డ తానులు పంపాడు, వాటిలో కుళ్ళాయప్ప మేలైనవి ఏరాడు. చిలకలూ మామిడిపిందెలూ అచ్చువేసిన చీటిగుడ్డ, చుట్టూ ఎర్ర అంచు. పెండ్లికొడుక్కి ఎలా కుడతారో అలా ముప్పై తయారు చేసి ముందుగా ఆఫీసుకు పంపాడు. జవాను అంటే అతని లెక్కలో పెండ్లికొడుకు కంటే తక్కువవాడు కాదు.

నాలుగో రోజు ముప్పైకి ముప్పై తిరిగి వచ్చాయి. కేశవమూర్తే ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఇవి వెళ్ళేది సైన్యం ఆసుపత్రికి. అక్కడ రంగుగుడ్డ పనికిరాదు. మరక పడితే కనపడాలి, క్రిములు చావడానికి ఆవిరిలో పెడితే రంగు దిగకూడదు. కాబట్టి తెల్లగుడ్డ మాత్రమే, అచ్చులూ అంచులూ ఉండరాదు.

"తెల్ల తానులు నేను పంపిస్తా. ఎనిమిది దినాలుండాది. ధర్మవరంలో మిలిటరీ డాక్టరు చూసి రైలుకెక్కిస్తాడంట. అయితాదా?" అన్నాడు కేశవమూర్తి.

"అయితాది," అన్నాడు కుళ్ళాయప్ప.

కాలేదు. సాయంత్రానికి తెల్ల తానులు వచ్చాయి, తెల్లవారినా వాటిని ముట్టుకున్న ఆడది లేదు. కుళ్ళాయప్ప గట్టిగా అడిగేసరికి దస్తగిరమ్మ సూది గోడకు గుచ్చి లేచి నిలబడింది.

"మన వీధిలో తెల్లగుడ్డా తెల్లదూదీ యాడ కలుస్తాయో నువ్వే చెప్పు."

చెప్పాల్సిన పని లేదు. ఊళ్ళో ఏ ఇంట మనిషి పోయినా ముక్కులోకి చెవుల్లోకి పెట్టే దూది దూదేకుల వీధి నుంచే పోతుంది. తమవాళ్ళు పోతే చుట్టేది తెల్లటి కఫను గుడ్డ. అందుకని తాతల నాటి నుంచి ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. బతికి ఉన్నవాళ్ళకు కుట్టేదేదీ తెలుపులో తెలుపు ఉండకూడదు. దిండుకైనా చారల గుడ్డ వాడతారు, కుదరకపోతే ఎర్ర అంచయినా పెడతారు. బిడ్డకు జోలె కుట్టినా అంతే.

"ఎవురో తల్లి కన్న పిల్లోడు, దెబ్బ తిని పడుకోనుంటాడు. వానికి నేను కఫను కుట్టి పంపాల్నా? నీ మాట పోతే పోనీ, నేను కుట్టను. ఈళ్ళెవరూ కుట్టరు."

"ఆసుపత్రోళ్ళు అడిగినారు కదమ్మే. మనమేం చేస్తాం?"

"ఆళ్ళకు తెలీదు. మనకు తెలుసు కదా."

కుళ్ళాయప్పకు ఒళ్ళు మండింది. తానే కుడతానని తెల్లగుడ్డ పరిచి, దూది పరిచి, మీద ఇంకో తెల్లగుడ్డ కప్పి సూది పట్టుకున్నాడు. మూలన నాలుగు కుట్లు పడ్డాయి. ఎదురుగా పరుచుకున్నదాన్ని చూస్తుంటే, దాని కింద ఎవరో పడుకున్నట్టే తోచింది. పదేళ్ళ కిందట తండ్రికి తన చేతులతోనే చుట్టాడు. ఐదో కుట్టు వెయ్యలేకపోయాడు. పెండ్లాం మీద కోపం పోయింది గానీ, నూరు మందిలో ఇచ్చిన మాట మాత్రం అలాగే గుండెల మీద కూర్చుంది.

ఆ రోజు పోయింది. మర్నాడు ఊరికే కూర్చోలేక తిరిగొచ్చిన చిలకల రజాయిలను విప్పి, ఆ దూదిని మళ్ళీ ఏకడం మొదలుపెట్టాడు. నారి దెబ్బకు తెల్లటి దూదిలో నుంచి ఒక ఎర్రపోగు పైకి లేచింది. ఎర్ర అంచు విప్పేటప్పుడు ఊడిపడ్డ పీచు. దాన్ని ఏరి పారేయబోయి ఆగాడు. కఫనులో రంగుండదు. ఆసుపత్రివాళ్ళ ఉత్తరంలో ఉన్నదంతా గుడ్డ గురించే. లోపల ఏముండాలో ఎవరూ రాయలేదు.

విల్లు అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయాడు. "మేయ్, లోపల పిడికెడు ఎర్రదూది పెడితే?"

దస్తగిరమ్మ తెల్ల తాను ముందుకు లాక్కుని, మధ్యలో అరచెయ్యి ఆనించింది. "గుండె కాడ పెట్టాల," అంది.

ఆ పూటే రెండు గోతాల దూది ఎత్తుకుని ధర్మవరం రైలెక్కాడు. అక్కడ చీరల మగ్గాలకు రంగులు వేసే మద్దిలేటి అతనికి పాత స్నేహితుడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండే మనిషి. సంగతంతా విని, మొదట తల అడ్డంగా ఊపాడు.

"పట్టుకు ఏసే రంగు దూదికి పట్టదబ్బా. ఈపొద్దు ఎర్రగా ఉంటాది, ఆవిరిలో పెడితే దిగిపోయి గుడ్డంతా మరకలయితాది. పిల్లోనికి నెత్తురు కారినాదని డాక్టర్లు పరిగెత్తుకోనొస్తారు."

"అయితే కాదంటావా?"

"కాదని యాడన్న్యా? నూలుకు ఏసే రంగు వేరే ఉండాది. మరిగించల్ల, ఉతకల్ల, మళ్ళా మరిగించల్ల. నీళ్ళు తేటగా వచ్చేదాకా నిన్ను కదలనియ్యను."

రెండు రోజులు పట్టింది. మద్దిలేటి తన మగ్గాలవాళ్ళ పట్టును పక్కన పెట్టి, కాగులు దూదికి వదిలేశాడు. ఐదోసారి ఉతికిన నీళ్ళు చెంబులోకి పట్టి, వెలుతురుకు పైకెత్తి చూసి, "ఇంగ తీసుకోని పో. ఆ పిడికెట్లో నాదీ ఒక పోగు ఉన్నాదనుకో," అన్నాడు.

ఇక మిగిలింది నాలుగు రోజులు. ఈసారి మగవాళ్ళు కూడా సూదులు పట్టి, రాత్రీ పగలూ కుట్టారు. ప్రతి రజాయిలోనూ రెండు పొరల తెల్లదూది మధ్య, ఛాతీ మీదికి వచ్చే చోట, పిడికెడు ఎర్రదూది. దాన్ని పెట్టడం మాత్రం ఆడవాళ్ళే చేశారు. పెట్టేటప్పుడు ఒకామె బిస్మిల్లా అంది, ఒకామె పీరు పేరెత్తి కుళ్ళాయిస్వామీ అంది, ఒకామె ఏమీ అనకుండా కళ్ళు తుడుచుకుంది. మందంగా ఉన్న దూది ఒక మూలకు జారకుండా జానెడుకొక కుట్టు వరస వేశారు. పైకి చూస్తే తెల్లటి రజాయి, అంతే. కేశవమూర్తికి కూడా చెప్పలేదు.

నూరూ ముగిశాయి. పది గోతాల్లో కట్టి ధర్మవరం చేర్చారు. డాక్టరు చూశాక గోతాల మూతులు కుట్టడానికి దస్తగిరమ్మ కూడా వచ్చింది, దారిలో కుట్లు ఊడితే సరిచెయ్యడానికి మిగిలిన దూదిని గంపలో పెట్టుకుని. గూడ్సు షెడ్డులో మిలిటరీ డాక్టరు నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసాలు, నిద్ర చాలని కళ్ళు. దారిలో ఎక్కడో గోనెపీచు కూరిన రజాయిలు తగిలాయట, అందుకని ఊరికి ఒకటి చొప్పున విప్పి చూస్తున్నాడు. ఆ మాట చెవిన పడేసరికి కుళ్ళాయప్ప వెళ్ళి తన గోతాల పక్కన నిలబడ్డాడు.

డాక్టరు ఒక రజాయి లాగి, కుట్టు వరస కత్తిరించి, చెయ్యి లోపలికి పెట్టాడు. ఎర్రటి దూది బయటికి వచ్చింది.

"ఏం చేసినావప్పా," అని గొణిగాడు కేశవమూర్తి. డాక్టరు సరుకు చీటీ మీద పేరు చూసి, కుళ్ళాయప్ప వైపు తిరిగి హిందుస్తానీలో ఏదో అడిగాడు. కుళ్ళాయప్పకు అర్థం కాలేదు. డాక్టరు మళ్ళీ అడిగాడు, ఈసారి గొంతు పెంచి. గొంతు పెంచినంత మాత్రాన రాని భాష వస్తుందా? కేశవమూర్తికి హిందీ పరీక్షలు పాసైన చదువుంది. అతనే తెలుగులోకి మార్చాడు.

"పాత గుడ్డపీచు కూరినారా అని అడుగుతున్నాడు. గాయాలవాళ్ళకు ఇట్లాంటివి పంపితే చీము పట్టి చస్తారంట. అన్నీ వెనక్కి తీసుకోని పొమ్మంటున్నాడు."

కుళ్ళాయప్పకు ఇరవై రోజుల రెక్కల కష్టం, తొమ్మిది ఇండ్ల పరువు, అన్నీ ఆ డాక్టరు గుప్పిట్లో ఎర్రగా కనిపిస్తున్నాయి. ఊరంతా ఏమనుకుంటుందో అతనికి అప్పుడే వినపడుతోంది.

వెనక నుంచి దస్తగిరమ్మ ముందుకు వచ్చింది. చేతిలో గోనెలు కుట్టే పెద్ద సూది ఇంకా అలాగే ఉంది.

"చెప్పు శెట్టప్పా ఆయప్పకు. అది పీచు గాదు, మేము ఏకిన కొత్త దూదే. తెల్లగుడ్డలో తెల్లదూది మేము పీనుగులకే వాడతాం. ఆసుపత్రోళ్ళు తెలుపే గావాలన్న్యారు, తెలుపే కుట్టినాం. ఆ పిల్లోళ్ళు బతికుండే పిల్లోళ్ళు. బతికుండేవాళ్ళకు కుట్టినామని మాకు తెలియాల గదా. అందుకు పెట్టినాం. అన్నిట్లో ఉండాది, నూరింట్లోనూ. దాపెట్టేదేమీ లేదు."

కేశవమూర్తి మొదలుపెట్టాడు. చివరి మాటలు డాక్టరును కాక, కుళ్ళాయప్పను చూస్తూ చెప్పాడు. తన అంగడి గుడ్డ మీద ఇంత జరిగిందని అతనికి అప్పుడే తెలిసింది.

డాక్టరు ఎర్రదూదిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఆవిరిలో పెడితే రంగు దిగదా అని కేశవమూర్తి చేత అడిగించాడు. ఈ ప్రశ్న పనికి సంబంధించినది, దీనికి జవాబివ్వడానికి కుళ్ళాయప్పకు భాష అక్కర్లేదు. ఆ దూదిని తీసుకుని, ప్లాట్‌ఫారం పక్కన నిలబడి ఉన్న ఇంజను దగ్గరికి గబగబా నడిచాడు. డ్రైవరు చెంబు నిండా పొగలు కక్కే నీళ్ళు పట్టి ఇచ్చాడు. అందరూ చూస్తుండగా దూదిని అందులో ముంచి, పుల్లతో కలిపి, బయటికి తీసి, చేతులు కాలుతున్నా గట్టిగా పిండాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. డాక్టరు నమ్మకుండా తన తెల్ల రుమాలు అందులో ముంచి చూశాడు. అది తెల్లగానే వచ్చింది.

ఆయన గంపలో మిగిలిన ఎర్రదూది నుంచి పొడి పిడికెడు తనే తీసుకుని, కత్తిరించిన చోట లోపలికి పెట్టి, దస్తగిరమ్మకు రజాయి అందించాడు. ఆమె అక్కడే కింద కూర్చుని కుట్టింది. కుట్టడం అయ్యేదాకా ఆయన అక్కడి నుంచి కదలలేదు. తరవాత చీటీ మీద సంతకం పెట్టి, నూరూ ఎక్కించమని కూలీలకు చెయ్యి చూపించాడు. కుళ్ళాయప్ప అప్పుడు నేల మీద కూలబడ్డాడు. కాలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, సిగ్గు లేకుండా, అందరూ చూస్తుండగానే నవ్వాడు.

గోతాలు ఎక్కుతుంటే డాక్టరు కేశవమూర్తితో ఏదో అన్నాడు.

"యుద్ధం ఆగినా గానీ ఆసుపత్రి నిండుగానే ఉండాదంట," అన్నాడు కేశవమూర్తి. "ఇట్లాంటివే ఇంకా ఎన్ని చెయ్యగలరని అడుగుతాండాడు."

కుళ్ళాయప్ప పెండ్లాం వైపు చూశాడు. ఈసారి అంకె తన నోటితో చెప్పే ధైర్యం అతనికి లేదు.

దస్తగిరమ్మ సూదిని కొప్పులో గుచ్చుకుంది. "ఆడ ఎంతమంది పిల్లోళ్ళు పడుకోనుండారో ఆయప్పనే చెప్పమను శెట్టప్పా," అంది. "అన్ని కుడతాం."

కేశవమూర్తి ఆ మాటను హిందీలోకి మార్చి, జేబులోంచి కాగితం తీసి, ఈసారి అన్నిటికంటే పైన దూదేకుల వీధి పేరు రాసుకున్నాడు.